పని ఆగిన దినము

పాఠ్యభాగము: 1 రాజులు 19:4–8, కీర్తనలు 46:10

రాయపూరు జిల్లాలోని అభన్‌పూర్ వంటి చిన్న పట్టణములో ఇంటి కంప్యూటరు చెడిపోయిన యెడల, దానిని బాగుచేయించుటకు రాయపూరునకు పంపవలసిరావచ్చును. అంతవరకు లెక్కలు, ఉత్తరములు, సండేస్కూలు పాఠములు అన్నియు అందులోనే చిక్కుకొనియుండును. దాని యజమాని మీటను మరల మరల నొక్కును, ఇంటివారిపై విసుగుకొనును. కోరని విశ్రాంతి అతనికి శిక్షవలె తోచును.

అట్టివారికి శ్రీరాంపూరు చరిత్ర మంచి పాఠము. 1812 మార్చి 11 సాయంకాలమున అచ్చటి మిషను ముద్రణాలయములో అగ్ని పుట్టెను. కాగితము, తెలుగుతో సహా అనేక భాషల అచ్చు అక్షరములు, విలియం కేరీ ఏండ్ల తరబడి వ్రాసిన వ్రాతప్రతులు కాలిపోయెను. కేరీ అప్పుడు కలకత్తాలో ఉండెను. మరునాడు జాషువా మార్ష్‌మన్ వెళ్లి ఆ వార్త తెలిపెను.

1. నిమ్మళించుట. తరువాతి ఆదివారమున కేరీ 46వ కీర్తన 10వ వచనముపై ప్రసంగించెను. పనిపై అధికారము దేవునిది, దానికి లోబడుట పనివాని విధి అనునదే ఆ ప్రసంగసారము. ఏలీయా సొమ్మసిల్లినప్పుడు దేవుడు అతనికి మొదట ఇచ్చినది క్రొత్త ఆజ్ఞ కాదు; నిద్రయు ఆహారమునే. దూత రెండుమారులు లేపి భోజనము పెట్టిన తరువాతనే ప్రయాణము సాగెను. యంత్రము ఆగినప్పుడు అలసిన దేహమును ఆగుట తప్పు కాదు.

2. మిగిలినదానిని వెదకుట. శిథిలములలో అక్షరములను పోతపోయుటకు వాడు ఉక్కు అచ్చులు, మూసలు చెడక దొరికెను. కరిగిన లోహమును ఏరి దానితోనే మరల అక్షరములు పోసిరి. కంప్యూటరు మూగపోయినను, వ్రాతలు దాచిన డిస్కు క్షేమముగా ఉండవచ్చును. అయితే డిస్కునుండి వింత శబ్దము వచ్చుచుండగా పదే పదే నడిపిన యెడల నష్టము పెరుగును. దానిని ఆపి, తెలిసినవారికి అప్పగించుట వివేకము. ముఖ్యమైన వ్రాతల నకలును ముందుగానే వేరొకచోట ఉంచుట నమ్మకమైన గృహనిర్వాహకుని లక్షణము.

3. మరల ఆరంభించుట. పోయినదంతయు తిరిగి రాలేదు. కేరీ బహుభాషా నిఘంటువు పూర్తికాకయే నిలిచిపోయెను. ఆ దుఃఖము నిజమైనది. అయినను, ఒకమారు నడిచిన త్రోవ రెండవమారు సులభమని ఆయన గ్రహించి పనికి పూనుకొనెను. 1814లో ఆయన తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు వెలువడెను.

అభన్‌పూర్ ఒకప్పుడు నారోగేజి జంక్షను. రాజిం శాఖ అచ్చటనే చీలెడిది. ఆ చిన్న బండ్లు ఆగిపోయెను. 2025 మార్చి 30న రాయపూరు, అభన్‌పూర్‌ల మధ్య బ్రాడ్‌గేజి బండి ఆరంభమయ్యెను. నడుమ గడచిన నిశ్శబ్దకాలము వ్యర్థము కాదు. వెడల్పైన పట్టాలు పరచబడినది అప్పుడే.

ఆలోచించుటకు: పని ఆగిన దినమున మొదట ఎవరిపై కోపము వచ్చును? ఆ దినమున ఇంటివారికి, ప్రార్థనకు, నిద్రకు ఎంత కాలము దొరికెను?