వెలుగు చాటున దాగే మిణుగురు స్క్విడ్

చీకట్లో దీపం పట్టుకున్నవాడు అందరికీ కనిపిస్తాడని మనకు తెలుసు. కానీ శత్రువుకు కనిపించకుండా ఉండటానికే దీపాలు వెలిగించుకునే జీవి ఒకటి సముద్రంలో ఉంది. అదే మిణుగురు స్క్విడ్. జపాన్ వారు దీన్ని 'హోతారు ఇకా' అంటారు. హోతారు అంటే మిణుగురు పురుగు, ఇకా అంటే స్క్విడ్. 1905లో దీన్ని పరిశీలించిన జంతుశాస్త్రవేత్త షోజాబురో వతసే పేరు మీదుగా శాస్త్రలోకం దీన్ని 'వతసేనియా సింటిల్లాన్స్' అని పిలుస్తోంది.

నత్తలు, ఆల్చిప్పలు ఉన్న మొలస్కా వర్గానికే ఇదీ చెందుతుంది. అయితే దీనికి పైగుల్ల లేదు. వీపు లోపల సన్నని, పారదర్శకమైన పట్టీ మాత్రం ఉంటుంది. సంచి లాంటి మొండెం పొడవు సుమారు 7 సెంటీమీటర్లు. తల చుట్టూ ఎనిమిది చేతులు, ఎరను పట్టే రెండు పొడవైన స్పర్శకాలు ఉంటాయి. అన్ని స్క్విడ్‌ల లాగే దీనికీ మూడు గుండెలు. రెండు గుండెలు మొప్పలకు, ఒకటి మిగతా శరీరానికి రక్తాన్ని పంపుతాయి. మన రక్తంలో ఇనుము ఉన్నట్లు దీని రక్తంలో రాగి ఉంటుంది. అందుకే అది నీలంగా కనిపిస్తుంది.

ఇక దీపాల సంగతి చూద్దాం. శరీరం అడుగుభాగాన వందలాది చిన్న కాంతి అవయవాలు, ఒక్కో కంటి కింద ఐదు, అడుగునున్న రెండు చేతుల కొసల్లో మూడేసి పెద్దవి ఉంటాయి. సముద్రంలో కింది నుంచి పైకి చూసే చేపకు, పైవెలుతురు మీద ఎర నల్లని నీడలా కనిపిస్తుంది. మిణుగురు స్క్విడ్ తన పొట్ట వైపున ఆ వెలుతురుకు సరిపడా కాంతిని వెలిగించి నీడను చెరిపేస్తుంది. చాలా స్క్విడ్‌ల కంటిలో ఒకే దృష్టి వర్ణకం ఉంటే, దీని కంటిలో మూడు ఉన్నాయి.

ఇది పశ్చిమ పసిఫిక్ ప్రాంతానిది. ముఖ్యంగా జపాన్ సముద్రంలోను, జపాన్ పసిఫిక్ తీరంలోను ఉంటుంది. పగలు వందల మీటర్ల లోతున గడిపి, రాత్రి మేత కోసం పైకి వస్తుంది. దీని ఆయుష్షు సుమారు ఒక సంవత్సరమే. తొయామా అఖాతం తీరానికి దగ్గరలోనే వెయ్యి మీటర్లకు పైగా లోతుకు దిగిపోతుంది. అందువల్ల మార్చి నుండి జూన్ వరకు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆడ స్క్విడ్‌లు తీరం దాకా చేరుకుంటాయి. అప్పుడు అలలు నీలి కాంతితో మెరుస్తాయి. ఇవి గుంపులుగా తిరిగే ఆ సముద్ర ఉపరితలాన్ని జపాన్ ప్రభుత్వం 1952లో ప్రత్యేక సహజ స్మారకంగా ప్రకటించింది.

రక్షణ ఆ నీటికే గాని స్క్విడ్‌కు కాదు. అక్కడి జాలర్లు తీరం దగ్గర కట్టిన వలలతో వీటిని పడతారు. వలలో పడేవి దాదాపు అన్నీ ఆడవే. వీటి పేగుల్లో పరాన్నజీవి పురుగు పిల్లలు ఉండవచ్చు కనుక, లోపలి భాగాలతో సహా పచ్చిగా తింటే తీవ్రమైన కడుపునొప్పి రావచ్చు. ఉడికించి తినడమే క్షేమం.

లోతు నీటిలో శత్రువు కంటపడకుండా కాపాడిన దీపాలే తీరం చేరాక దాన్ని మన కంటికి పట్టిస్తున్నాయి. ఏ అవయవం ఎందుకు ఉందో తెలియాలంటే ఆ జీవి ఎక్కడ బతుకుతుందో కూడా తెలుసుకోవాలని మనం గ్రహించాలి.