బ్రష్షు కాదు, స్టాండు బొమ్మ కావాలి

ప్రశ్న: మా డ్వాక్రా సంఘంలో కొబ్బరి చిప్ప, పీచుతో పిల్లలకు బొమ్మల్లాంటి పళ్ల బ్రష్షులు చేద్దామనుకుంటున్నాం. కుదురుతుందా?
— ఒక పాఠకురాలు, కొత్తపేట

జవాబు: చిప్ప సరే గానీ పీచు వద్దండి. గిన్నెలు తోమే పీచు పసి చిగుళ్లను గీసేస్తుంది. కుచ్చుకు మెత్తని నైలానే వాడండి. అది మట్టిలో కలవదు కనుక, అట్ట మీద ‘నూరు శాతం ప్రకృతి సిద్ధం’ అని మాత్రం రాయకండి.

మూడు నెలలకోసారి పారేసే బ్రష్షునే బొమ్మగా చేస్తే బొమ్మ కూడా చెత్తలోకే పోతుంది. అందుకే ఆటను స్టాండులో పెట్టండి. బోర్లించిన చిప్పే తాబేలు. వీపు మీద కన్నంలో బ్రష్షు నిలబడుతుంది. అడుగు మూయకండి, నీరు కారిపోవాలి. మీ కోనసీమ తేమకు బూజు ఇట్టే పడుతుంది మరి! తాబేలు తల ఏటికొప్పాకలో చేయించండి. అంకుడు కర్ర మీద లక్క, మొక్కల రంగులు వేసే ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తల ఊడితే పసివాళ్ల గొంతులో ఇరుక్కునేంత చిన్నది కాకూడదు.

స్టాండుతో పాటు ఒక చీటీ పెట్టండి: ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. తోమాల్సింది పెద్దవాళ్లే.