ఆటలో కథ – చేతితో నడిపే సినిమా



వీడియో గేమ్ అనగానే మనకు గుర్తొచ్చేవి తుపాకులు, కార్ల పందేలు, ఆ తర్వాత వార్డెన్ సారు తిట్లు. ఆ తిట్లలో న్యాయం లేకపోలేదు. అయితే కొన్ని ఆటలు సినిమాలాగే కథ చెబుతాయనీ, ఆ పద్ధతి మీద చదువు కూడా ఉందనీ నాకు పీజీలో చేరాకే తెలిసింది. మొదటి సంవత్సరం సెమినార్‌కు ఇదే అంశం తీసుకున్నాను. అందులో నేర్చుకున్నది మన వార్షిక సంచికలో మీతో పంచుకుంటున్నాను.

సినిమాలో హీరో రైలు కోసం పరుగెడుతుంటాడు. వెంటనే స్టేషన్‌లో రైలు కదలడం చూపిస్తారు. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పడేసరికి మన గుండె వేగం పెరుగుతుంది. ఇది ఎడిటింగ్ మహిమ. ఇదే పద్ధతిని ఆటలోకి బాగా తెచ్చినవాడు అమెరికాకు చెందిన జోర్డాన్ మెక్నర్. ఆయన 1989లో తెచ్చిన ఆట ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’. రాకుమారిని కాపాడడానికి హీరోకు ఉన్న గడువు 60 నిమిషాలు. మనం చెరసాలలో దారి వెతుకుతుంటే, మధ్యమధ్యలో రాకుమారి గది, అక్కడ ఇసుక గడియారం కనిపిస్తాయి. ఆట మధ్యలో వచ్చే ఇలాంటి దృశ్యాన్ని ‘కట్ సీన్’ అంటారు.

మెక్నర్ తన తమ్ముణ్ణి పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలను చూసి బొమ్మలు గీశాడు. అందుకే ఆ హీరో నిజం మనిషిలా అంచు పట్టుకుని వేలాడతాడు, కష్టపడి పైకి పాకుతాడు. ఆనాటి కంప్యూటర్‌లో మెమరీ చాలా తక్కువ. కొత్త శత్రువు బొమ్మకు చోటు లేదు. అప్పుడు హీరో బొమ్మనే కాస్త మార్చి ‘నీడ మనిషి’ని సృష్టించాడు. హీరో అద్దంలోంచి దూకగానే ఆ నీడ విడిపోయి పారిపోతుంది. చివర్లో కత్తి పట్టుకుని ఎదురొస్తుంది. దాన్ని పొడిస్తే మన ప్రాణమే తగ్గుతుంది! కత్తి ఒరలో పెట్టి దగ్గరికి వెళితేనే నీడ మనలో కలుస్తుంది. ఇది ఎవరూ మాటల్లో చెప్పరు. ఆడేవాడే దెబ్బతిని తెలుసుకోవాలి. సినిమాకు, ఆటకు ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది.

తర్వాత 1998లో వాల్వ్ సంస్థ ‘హాఫ్ లైఫ్’ తెచ్చింది. అందులో కట్ సీన్ల కోసం ఆట ఆపకుండా, మొత్తం కథను హీరో కళ్ళతోనే చూపించారు.

నన్ను కదిలించిన ఆట మాత్రం 2013లో వచ్చిన ‘బ్రదర్స్’. దాని దర్శకుడు జోసెఫ్ ఫారెస్ అంతకుముందు స్వీడన్‌లో సినిమాలు తీసినవాడు. జబ్బుపడిన తండ్రి కోసం ఇద్దరు అన్నదమ్ములు మందు తేవడానికి బయల్దేరతారు. వాళ్ళు మాట్లాడేది కల్పిత భాష. తెలుగు మీడియం వాడికీ ఇంగ్లీషు మీడియం వాడికీ ఒక్కలాగే అర్థమవుతుంది. మన ఎడమ చెయ్యి అన్నను నడుపుతుంది, కుడి చెయ్యి తమ్ముణ్ణి నడుపుతుంది. తల్లి నీళ్ళలో మునిగి చనిపోవడంతో తమ్ముడికి నీళ్ళంటే భయం. నది వస్తే అన్న వీపు పట్టుకునే దాటుతాడు. దారిలో అన్న చనిపోతాడు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ నీళ్ళు అడ్డొస్తాయి. తమ్ముడి బటన్ నొక్కితే వాడు దిగడు. చాలాసేపు ఖాళీగా ఉన్న ఎడమ చేత్తో అన్న బటన్ నొక్కితే, తమ్ముడు ఈదుతాడు.

స్నేహితుడి కంప్యూటర్‌లో అది ఆడిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అన్నయ్య పదో తరగతితో చదువు మానేసి పనికి వెళ్ళాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనైతే, ఫీజు కట్టింది అన్నయ్య. సెమినార్‌లో ఇంగ్లీషులో మాట్లాడాలంటే వణికాను. ఆ రోజు ఈ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి కాగితం చూడకుండా మాట్లాడాను. తప్పులు దొర్లాయి, కానీ ఆగలేదు.

సాయంత్రం అన్నయ్యకు ఫోన్‌లో చెబితే, “అక్కడ చదువుతున్నావా, ఆటలాడుతున్నావా?” అన్నాడు. రెండూ అన్నాను.

తమ్ముళ్ళారా, డబ్బు, సమయం ఆటలకు తగలెయ్యమని నేను చెప్పను. ఎప్పుడైనా చూస్తే మాత్రం, ఇందులో కథను కెమెరా చెబుతోందా, మన చెయ్యి చెబుతోందా అని గమనించండి. అలాంటి కథ ఒకటి ఆలోచించి వచ్చే సంచికకు రాయండి. దానికి కంప్యూటర్ అక్కర్లేదు, నోటుపుస్తకం చాలు.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎ.