సందేహాలు - సమాధానాలు: పేరు ఏది, రకం ఏది?

ప్రశ్న: నాలుగో తరగతికి ఇంగ్లిష్ చెబుతున్నాను. ప్రాపర్ నౌన్ అంటే ఏమిటని అడిగితే పిల్లలు గడగడా అప్పజెబుతారు. వాక్యం రాయమంటే మాత్రం టీచర్‌కూ, మార్కెట్‌కూ కాపిటల్ పెట్టి, సికింద్రాబాద్‌ను చిన్నక్షరంతో మొదలుపెడతారు. ఏం చేయను?
- ఒక ఉపాధ్యాయిని, మారేడుపల్లి

సమాధానం: కొన్నాళ్లు కాపిటల్ ఊసెత్తకండి. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడా లేదు. తెలుగులో పిల్లలు పేరును పోల్చుకునేది అర్థాన్ని బట్టే. ఆ తెలివి వాళ్లకు ముందే ఉంది. దాన్ని వదిలేసి నేరుగా అక్షరాల నియమం చెబితే, ముఖ్యమనిపించిన ప్రతి మాటకూ కాపిటల్ తగిలిస్తారు.

'అది ఏమిటి?', 'దాని పేరేమిటి?' అని అడగడం అలవాటు చేయండి. చెరువు, హుస్సేన్‌సాగర్. గుడి, ఉజ్జయిని మహంకాళి. మార్కెట్, మోండా మార్కెట్. పిల్లలు తడబడేది ఈ మూడో దగ్గరే, అక్కడ కాసేపు ఆగండి. 'మార్కెట్‌కు వెళ్లాం' అంటే అది ఏ మార్కెట్టైనా కావచ్చు. 'మోండా మార్కెట్‌కు వెళ్లాం' అన్నప్పుడు అదే మాట పేరులో కలిసిపోయింది కాబట్టి ఇంగ్లిష్‌లో రెండు మాటలకూ కాపిటలే.

తర్వాత ఊరినే పాఠం చేయండి. బడికి వచ్చే దారిలో కనిపించిన బోర్డులు రాసుకు రమ్మనండి, ఏది పేరో ఏది రకమో వాళ్లనే వాదించుకోనివ్వండి. ఏ చెరువు కట్టయినా ట్యాంక్ బండే, కానీ ఇక్కడ ఆటో ఎక్కి ట్యాంక్‌బండ్ అంటే హుస్సేన్‌సాగర్ కట్ట మీదికే తీసుకెళ్తారు. లష్కర్ అంటే సైన్యం. దండు విడిసిన చోటు కనుక అదే ఊరి పేరైంది, లష్కర్ బోనాలని ఇప్పటికీ అంటున్నాం. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఇది సికింద్రాబాద్ అయింది. ఇక జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డయింది. ఈ ఉదాహరణను తప్పకుండా చెప్పండి. పేరు మారినా అది రోడ్డేనన్న సంగతి పిల్లలకు చటుక్కున పట్టుబడుతుంది.

ప్రశ్న: పరీక్షలో 'రాజు' జాతివాచకమని మా బాబు రాస్తే తప్పు కొట్టారు. నిజంగా తప్పేనా?
- ఒక తల్లి, బొల్లారం

సమాధానం: తప్పు ప్రశ్నపత్రానిది. 'రాజు కోట కట్టించాడు', 'రాజు ఇవాళ బడికి రాలేదు'. మొదటిది జాతివాచకం, రెండోది సంజ్ఞావాచకం. లత, తార, పద్మ, వెన్నెల, ఇలా మనం పెట్టుకునే పేర్లలో చాలావరకు మామూలు మాటలే. వాక్యం ఇవ్వకుండా విడి మాట ఇచ్చి తేల్చమనడం పిల్లలకు అన్యాయం. టీచరుగారితో నెమ్మదిగా మాట్లాడండి, ఆ మార్కు బాబుకు రావాలి. మీ బొల్లారంలోనే ఇంకో ఉదాహరణ ఉంది: రాష్ట్రపతి అనేది పదవి, రాష్ట్రపతి నిలయం అక్కడి భవనం పేరు.

ప్రశ్న: ముందు 'ప్రతి' చేర్చగలిగితే అది జాతివాచకమని చదివాను. మరి 'ప్రతి ఆదివారం' అంటాం కదా?
- ఒక విద్యార్థి, అల్వాల్

సమాధానం: చక్కగా పట్టుకున్నావు నాయనా. ఊళ్లకు, నదులకు ఆ కిటుకు పనిచేస్తుంది, 'ప్రతి గోదావరి' అనం. వారాలకు, నెలలకు పనిచేయదు. అవి మళ్లీ మళ్లీ వచ్చినా ఇంగ్లిష్‌లో పేర్లే, కాపిటల్ పెట్టాల్సిందే. ఎండాకాలం, చలికాలం మాత్రం చిన్నక్షరంతోనే రాయాలి.