గాలిమర కింద గాలం

ముందే చెప్పేస్తున్నా, భావనపాడు సముద్రంలో గాలిమర ఒక్కటీ లేదు. ఇది రాసే నాటికి మన దేశపు సముద్రంలోనే ఎక్కడా లేదు. కానీ ప్లాన్ ఉంది. 2015లో కేంద్రం సముద్ర పవన విద్యుత్ విధానం తెచ్చింది. 2024 జూన్‌లో గుజరాత్‌కి 500, తమిళనాడుకి 500 మెగావాట్ల కోసం 7,453 కోట్ల రూపాయల పథకానికి కేబినెట్ ఓకే చెప్పింది. మన జిల్లా ఆ లిస్టులో లేదు. లేనప్పుడే చదువుకుంటే మంచిదని నా ఫీలింగ్, ఎందుకంటే వచ్చాక చదవడానికి టైమ్ ఇవ్వరు.

ఈ టాపిక్ గురించి మావయ్యకి చెప్తే ఆయన వేసిన ప్రశ్న ఒక్కటే: "స్తంభం కాడ చేప ఉంటాదిరా, అది నాకూ తెలుసు. మమ్మల్ని అక్కడికి పోనిస్తారేటి?" నేను చదివిన పేపర్లన్నీ చివరికి ఈ రెండు ముక్కల చుట్టూనే తిరిగాయి.

మొదటి ముక్క, చేప. గాలిమర అంటే నీటి పైన కనిపించే రెక్కలే కాదు. సముద్రపు అడుగున దిగ్గొట్టిన లావుపాటి ఉక్కు గొట్టం కూడా. దాని మొదట్లో ఇసుక కోసుకుపోకుండా చుట్టూ రాళ్ళు పోస్తారు. కొన్ని నెలలకే గొట్టానికి నాచు, ఆలిచిప్పలు పట్టేస్తాయి. వాటిని తినడానికి చిన్న జీవాలు, చిన్నవాటి కోసం పెద్ద చేపలు. బెల్జియం సముద్రంలో కాడ్ లాంటి చేపలు ఇలా గాలిమరల మొదళ్ళ దగ్గర చేరి మేస్తున్నాయని అక్కడి పరిశోధకులు చూశారు. నీళ్ళలో దుంగ పడున్నా చుట్టూ చేప చేరుతుందని మనవాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసు కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. అసలు తగువు వేరే: అక్కడ చేప కొత్తగా పెరుగుతోందా, లేక చుట్టుపక్కల ఉన్నదే వచ్చి ఒకచోట పోగవుతోందా? రెండోదే అయితే గాలం వేసేవాడికి పండగే, కానీ సముద్రంలో మొత్తం చేప పెరిగినట్టు కాదు.

కట్టేటప్పటి సంగతి వేరు. గొట్టాన్ని భారీ సుత్తితో గంటల తరబడి కొడతారు. నీటిలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లు పైగా స్పీడుగా పోతుంది. ఒంట్లో గాలితిత్తి ఉన్న చేపలకి దగ్గర్లో ఉంటే దెబ్బ, దూరంగా ఉంటే బెదురు. అందుకే జర్మనీ 750 మీటర్ల దూరంలో శబ్దం 160 డెసిబెల్స్ దాటకూడదని రూలు పెట్టింది. దానికోసం గొట్టం చుట్టూ నీటి అడుగు నుంచి గాలి బుడగల తెర లేపుతారు. సింపుల్ ఐడియా, కానీ భలే ఉంది కదా! ఇంక కేబుళ్ళు. సొర, టేకు చేపలు ఎరని కనిపెట్టేది ఒంట్లోని విద్యుత్ గ్రాహకాలతో. కేబుల్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం వాటిని ఎంత తికమక పెడుతుందన్నది ఇంకా తేలలేదు.

రెండో ముక్క, పోనివ్వడం. అమెరికాలో రోడ్ ఐలండ్ దగ్గర బ్లాక్ ఐలండ్ అని ఐదే ఐదు గాలిమరలున్నాయి, 30 మెగావాట్లు. 2016 డిసెంబర్ నుంచి నడుస్తున్నాయి. అక్కడ సరదాకి గాలం వేసేవాళ్ళు పడవ కట్టుకుని నేరుగా స్తంభాల దగ్గరికే పోతారు. వాళ్ళకి అది కొత్త స్పాట్, కాకపోతే జనం ఎక్కువైపోతున్నారని గొణుగుడు. బెల్జియంలో అలా కుదరదు, గాలిమరల మధ్యకి పడవల్ని రానివ్వరు. చేపలు అవే పనులు చేస్తాయి, రూలు మారితే కథ మారిపోతుంది.

ఇక్కడే నాకు మన ఊరి లెక్క తేడా కొట్టింది. విదేశీ పేపర్లలో గాలం వేసేవాడంటే ఆదివారం ఖాళీగా ఉన్నవాడు. భావనపాడులో గాలం పట్టుకునే చేతులే మర్నాడు వల కూడా పడతాయి, ఆ చేపతోనే ఇల్లు గడవాలి. గాలం స్తంభాల సందుల్లో వేసుకోవచ్చు. నీటివాలుకి వదిలే పొడవాటి వల అలా కాదు, అది వాలుతో పాటు పోయి గొట్టానికి చుట్టుకుంటుంది. అంటే ఒకే మనిషికి ఒక చేత్తో లాభం, రెండో చేత్తో నష్టం. బ్లాక్ ఐలండ్ రిజల్ట్ కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చేస్తే పనిచేయదు.

పైగా మన తీరానికి తుఫాన్లున్నాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానం కొబ్బరి ఏమైందో చెప్పక్కర్లేదు. ఆ గాలిని తట్టుకునేలా కట్టాలి. కేబుల్ ఒడ్డెక్కే చోట ఇసుక కోత ఇంకో తలనొప్పి. బ్లాక్ ఐలండ్‌లోనే బీచ్ దగ్గర కేబుల్ బయటపడి, మళ్ళీ లోతుగా పాతాల్సి వచ్చింది. తేలినీలాపురం వచ్చే పెలికాన్ల సంగతి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది.

మావయ్య అనుమానం ఊరికే పుట్టలేదు. కాకరాపల్లి థర్మల్ ప్లాంటు గొడవలో 2011 ఫిబ్రవరిలో కాల్పుల దాకా వెళ్ళింది. 2023 ఏప్రిల్‌లో మూలపేటలో పోర్టుకి శంకుస్థాపన జరిగింది, దాన్నే ముందు భావనపాడు పోర్టు అనేవారు. తీరంలో ఏది కట్టినా "ముందు ఇక్కడ చేప ఎంత పడేది?" అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు కట్టక ముందే రాసిపెట్టి ఉండాలి. స్తంభాలు వచ్చే చోటా, రాని చోటా, రెండు చోట్లా రాయాలి. అప్పుడే తేడా గాలిమర వల్లా, లేక ఆ ఏడాది సముద్రమే అంతా అని తెలుస్తుంది. మన కోడింగ్ క్లబ్ వాళ్ళకి ఇది రెండు వారాంతాల పని: తెలుగులో ఒక చిన్న యాప్. తేదీ, ఒడ్డు నుంచి ఎంత దూరం, వలా గాలమా, వంజరమా కానాగంతా పండుగప్పా, ఎన్ని కిలోలు. నెట్ లేకపోయినా సేవ్ అవ్వాలి, సముద్రంలో సిగ్నల్ ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి, ఆ రెండు నెలల్లో పడవలు ఒడ్డునే ఉంటాయి. వాళ్ళతో కూర్చుని ఏ కాలమ్ పెట్టాలో అడగడానికి అదే టైమ్.