పత్రికా ప్రకటన నడిపిన హాస్యకథ: ‘మిస్సమ్మ’

మంచి హాస్యమునకు నవ్వించు శక్తితోపాటు మన నడవడిని మనకు చూపు గుణము గూడ నుండవలెను. అట్టి గుణము గల తెలుగు చలనచిత్రములలో 1955 సంవత్సరమున విడుదలయైన ‘మిస్సమ్మ’ యొకటి. విజయా సంస్థ పక్షమున నాగిరెడ్డి, చక్రపాణి గారలు దీనిని నిర్మింపగా, ఏలూరు ప్రాంతమువారగు ఎల్. వి. ప్రసాదు గారు దర్శకత్వము వహించిరి. వంగభాషలో రవీంద్రనాథ మైత్ర రచించిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ అను నాటకము దీనికి మూలము.

అప్పాపురమందలి పాఠశాలకు పట్టభద్రులైన దంపతులు ఉపాధ్యాయులుగా కావలెనని పత్రికలో ప్రకటన వెలువడును. ఉద్యోగము లేని రావు, ఇంటి అప్పు తీర్పవలసిన మేరీ యను క్రైస్తవ యువతి, తాము భార్యాభర్తలమని చెప్పి ఆ కొలువున జేరుదురు. వారి చదువు నిజము, వివాహము అబద్ధము. హాస్యమంతయు నీ రెంటి నడుమనే పుట్టినది. ఒక్క యబద్ధమును నిలుపుటకు అనుదినము వేరొకటి కల్పింపవలసి వచ్చును. రావు సీతకు సంగీతము నేర్పుచుండగా మేరీకి అసూయ కలుగును. కాని భార్యగా నటించుచున్న యామెకు భార్యవలె కోపించు హక్కు లేదు. నవ్వుచునే మన మామె యిబ్బందిని గ్రహింతుము.

పాత్రపోషణ మిక్కిలి సహజముగా నున్నది. గోపాలముగా ఎస్. వి. రంగారావు గారును, దేవయ్యగా రేలంగి గారును నటించిరి. ఈ యిరువురును మన కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములలో ఆరితేరినవారే. 1953లో ‘దేవదాసు’గా కంటతడి పెట్టించిన నాగేశ్వరరావు గారు ఇందు అపరాధ పరిశోధకుడనని మురియు రాజుగా నవ్వించిరి.

మేరీ విశ్వాసమును గాని, గోపాలము ఇంటి ఆచారములను గాని చిత్రము ఎగతాళి చేయలేదు. ఇది దాని ఔన్నత్యము. అయితే మేరీయే గోపాలము దంపతుల తప్పిపోయిన కుమార్తె మహాలక్ష్మి యని తుదకు తేలుటచే, భిన్నమతస్థులు ఒక్క కుటుంబముగా మెలగగలరా యను ప్రశ్న జవాబు పొందకయే తొలగిపోయినది. ఇది కథయందలి లోటని మేము తలంతుము.

అబద్ధముగా మొదలైన దాంపత్యము కథాంతమున నిజమైనది. లోకమున అట్లు జరుగుట అరుదు. విద్యార్థులారా! మీరు ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయునాడు రావును, మేరీని తలచికొనుడు. అవసరము వారిచే అబద్ధమాడించినది. దాని బరువు మాత్రము వారే మోయవలసి వచ్చినది.