కవచం చేపలూ, మన దవడా

మన నర్సీపట్నం చుట్టూ ఉన్న కొండల్లో చేపల శిలాజాలు వెతకడం దండగ. ఇక్కడివి ఎక్కువగా ఖొండలైటు రాళ్ళు. దాదాపు 100 కోట్ల ఏళ్ళ క్రితమే భూమి లోపలి వేడికీ, ఒత్తిడికీ ఉడికి రూపం మారిపోయాయి. అప్పటికి చేప అనేదే పుట్టలేదు. తెలుగు నేలకు ఆనుకొని, ప్రాణహిత అవతలి ఒడ్డున కోట గ్రామం దగ్గర దొరికిన లెపిడోటిస్ దక్కనెన్సిస్‌కు గట్టి పొలుసుల తొడుగు ఉన్నమాట నిజమే. 1851లో ఈగర్టన్ దానికి పేరు పెట్టాడు. కాని అది జురాసిక్ కాలపు చేప. నేను చెప్పబోయేవి అంతకు ఎంతో ముందే అంతరించాయి.

వాటిని ప్లాకోడెర్ములు అంటారు. తలకూ, రొమ్ముకూ ఎముక పలకల కవచం. వెనక భాగం చాలావాటికి మామూలు చేప ఒళ్ళే. వీటిలో పేరుపడ్డది డంక్లియోస్టియస్. దాని నోట్లో మన పళ్ళలాంటివి లేవు, కత్తిపీటలా పదునెక్కిన దవడ ఎముకలే పని చేసేవి. పాత పుస్తకాలు దాన్ని 9 మీటర్ల దాకా సాగదీశాయి. 2023లో వచ్చిన లెక్క 4 మీటర్ల దగ్గర ఆపింది. (నాకు కొంచెం నిరాశే!) సుమారు 36 కోట్ల ఏళ్ళ క్రితం, డెవోనియన్ ముగిసేసరికి ఈ జాతులన్నీ పోయాయి.

పోతే పోయాయి, మనకేం అంటారా? లాబ్‌లో పాలసొరను కోస్తూ మనం నేర్చుకున్న పాఠం ఏమిటి? మృదులాస్థి ముందు, ఎముక తరువాత. కాబట్టి సొర పాత నమూనా అని. 2013లో చైనా శాస్త్రజ్ఞులు యునాన్ రాష్ట్రంలో దొరికిన ఎంటెలోగ్నాథస్‌ను వర్ణించాక ఈ వరస తలకిందులైంది. సుమారు 42 కోట్ల ఏళ్ళ నాటి ఈ చేప ఒళ్ళు చూస్తే ప్లాకోడెర్మే. నోరు చూస్తే మాక్సిల్లా, ప్రీమాక్సిల్లా, డెంటరీ మూడూ ఉన్నాయి! 2020లో వర్ణించిన మంగోలియా చేప మింజినియాకు కపాలం లోపల కూడా ఎముకే ఉంది. అంటే ఎముక ముందే ఉంది. సొర వంశం దాన్ని తరువాత పోగొట్టుకుంది. ఇప్పుడు బలంగా నిలిచిన వాదం ఇదే. పరీక్షలో ఏది రాయాలో మీ లెక్చరర్‌గారినే అడగండి.

ఈసారి ఇంట్లో కొర్రమీను తలకాయ పులుసు పెడితే ఎముకలు పారేయకండి, కడిగి చూడండి. పై దవడలో ముందున్నది ప్రీమాక్సిల్లా, వెనకది మాక్సిల్లా, కింద పళ్ళున్నది డెంటరీ. మన ముఖంలో మొదటి రెండూ ఒకటిగా అతుక్కుపోయి పై పళ్ళను మోస్తున్నాయి. కింది దవడంతా డెంటరీయే. పాలసొరలో ఈ మూడింటిలో ఒక్కటీ దొరకదు.